దానమిచ్చిన గొడ్డుకు పళ్లు లెక్కపెట్టే చోటు

ట్యాంకు నింపుదామని మోటారు వేశారు. బోరులో నీళ్లు లేవని తెలిసింది. స్విచ్ కట్టేయకుండానే ఇంటికి తాళం వేసుకుని వెళ్లిపోయారు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు నడిమి భాగమైన కెర్నల్‌లో, పరికరాలను నడిపే డ్రైవర్లలో తరచూ బయటపడే బగ్గుల్లో ఒక రకం అచ్చం ఇలాంటిదే. డ్రైవర్ మొదలయ్యేటప్పుడు ముందు పరికరానికి క్లాక్ (చిప్‌ను నడిపే లయ సిగ్నల్) ఆన్ చేస్తుంది, తర్వాత ఇంటరప్ట్ (పరికరం ప్రాసెసర్‌ను పిలిచే దారి) అడుగుతుంది. ఇంటరప్ట్ దొరక్కపోతే ఎర్రర్ కోడ్ పట్టుకుని బయటికి వచ్చేస్తుంది. క్లాక్ మాత్రం ఆన్‌లోనే ఉండిపోతుంది. సరిచేయడానికి నాలుగు లైన్లు చాలు. నేరుగా రిటర్న్ అయ్యే చోట, క్లాక్ ఆపే చోటికి (లేబుల్‌కి) దూకే గోటూ ఒకటి పెడితే పని అయిపోతుంది. సీ భాష సరిగ్గా చదువుకున్న ఇంజినీరింగ్ విద్యార్థికి అది పది నిమిషాల పని.

ఆ నాలుగు లైన్లు లినక్స్‌ను మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ ట్రీలోకి, అంటే అసలు కోడ్ ఉండే చోటికి, చేరడానికి మాత్రం వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు కూడా. ఈలోగా రెండు మూడు సార్లు తిరగరాయాల్సి వస్తుంది. మొదటిసారి పంపినవాళ్లకు ఇదంతా చాదస్తంగా తోస్తుంది. పైసా అడక్కుండా పని చేసిపెడుతుంటే ఇన్ని వంకలా అని. దానమిచ్చిన గొడ్డుకు పళ్లు లెక్కపెట్టకూడదని కదా పెద్దవాళ్లు అన్నది. కానీ ఇక్కడ లెక్కపెడతారు, లెక్కపెట్టాలి కూడా. ఇచ్చినవాడు తాడు చేతికిచ్చి తన దారిన పోతాడు. రేపటి నుంచి గడ్డి వేయాల్సింది, జబ్బు చేస్తే రాత్రిపూట లేచి చూడాల్సింది తీసుకున్నవాడే. కెర్నల్‌కు కోడ్ పంపే పద్ధతిలో విసుగు పుట్టించే నియమాలన్నీ ఈ ఒక్క సంగతి నుంచే పుట్టాయి.

నిజానికి లైసెన్సు ప్రకారం ఎవరి అనుమతీ అక్కర్లేదు. కెర్నల్ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు రెండో వెర్షన్ కింద ఉంది. దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, మన మెషీన్‌లో నడుపుకోవచ్చు. ఈ స్వేచ్ఛ విలువ తెలుగువాళ్లకు 2018 ఫిబ్రవరిలో కాస్త గట్టిగానే తెలిసొచ్చింది. 'జ్ఞా' అనే అక్షరాన్ని తెర మీద చూపించబోయి ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయిపోయిన రోజులవి. ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా మనం చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆ కోడ్ ఆపిల్ తలుపుల వెనక ఉంది మరి. ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో, ఆండ్రాయిడ్‌లో మన గుణింతాలనూ ఒత్తులనూ పేర్చే హార్ఫ్‌బజ్ ఓపెన్ సోర్స్. అందులో ఒత్తు తప్పుగా పడితే కోడ్ తెరిచి చూసి, సరిచేసి పంపే దారైనా ఉంటుంది.

అయితే మార్పు చేసుకుని మన దగ్గరే ఉంచుకుంటే సరిపోదా? కొన్నాళ్లు సరిపోతుంది. యూజర్ ప్రోగ్రాములకు ఇచ్చిన మాటను కెర్నల్ తప్పదు, నిన్న నడిచిన ప్రోగ్రామ్ కొత్త కెర్నల్ మీద కూడా నడవాల్సిందే. లోపలి ఫంక్షన్ల విషయంలో అలాంటి మాట ఏదీ లేదు. వాటి పేర్లు మారతాయి, ఆర్గ్యుమెంట్లు మారతాయి, కొన్ని మాయమైపోతాయి. కొత్త వెర్షన్ తొమ్మిది పది వారాలకు ఒకటి వస్తుంది. బయట దాచుకున్న డ్రైవర్‌ను ఏడాదికి ఐదు సార్లు రిపేరు చేసుకుంటూ కూర్చోవాలి. అదే డ్రైవర్ కెర్నల్ ట్రీ లోపల ఉంటే, లోపలి ఫంక్షన్‌ను మార్చినవాళ్లే దాన్ని వాడే చోట్లన్నీ సరిచేయాలి. అది అక్కడి ఆచారం. హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో కూర్చుని చిప్ కంపెనీల ఇంజినీర్లు రోజూ అప్‌స్ట్రీమ్‌కు, అంటే అసలు కెర్నల్‌కు, ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) పంపుతున్నారంటే కారణం ఇదే. కంపెనీలకు హఠాత్తుగా దానబుద్ధి పుట్టలేదు, బరువు దించుకుంటున్నాయి. దించిన బరువు గాల్లో కలిసిపోదు కదా, అక్కడ ఆ కోడ్‌ను చూసుకునే మెయింటెయినర్ భుజం మీదికి ఎక్కుతుంది.

ఆ మెయింటెయినర్ ఎవరన్నది కెర్నల్ సోర్సులోనే మెయింటెయినర్స్ అనే పెద్ద ఫైల్ చెబుతుంది. ఏ ఫోల్డర్ ఎవరి బాధ్యతో, ఏ మెయిలింగ్ లిస్ట్‌కు పంపాలో అందులో ఉంటుంది. ఒక్కో విభాగానికి ఒక స్థితి కూడా రాసి ఉంటుంది. జీతం మీద చూసుకునేవాళ్లు ఉంటే 'సపోర్టెడ్', పట్టించుకునే మనిషి ఉంటే 'మెయింటెయిన్డ్', వీలు దొరికినప్పుడు చూస్తామంటే 'ఆడ్ ఫిక్సెస్', దిక్కు లేకపోతే 'ఆర్ఫన్'. సామాన్యంగా పంపేవాళ్లు దీన్ని చదవరు. చదివితే సగం టెన్షన్ తగ్గుతుంది. 'ఆడ్ ఫిక్సెస్' అని రాసి ఉన్న చోట మూడు రోజుల్లో జవాబు ఆశించడం తప్పని ముందే తెలిసిపోతుంది. గెట్ మెయింటెయినర్ అనే స్క్రిప్టుకు ప్యాచ్ ఇస్తే ఈ ఫైల్ అంతా వెతికి ఎవరెవరికి పంపాలో చెప్పేస్తుంది. ప్యాచ్ ముందు వీళ్ల దగ్గరికి వెళ్తుంది, వీళ్ల ట్రీ నుంచి పై స్థాయి మెయింటెయినర్ ట్రీకి, చివరికి టోర్వాల్డ్స్ ట్రీకి. ఒక్కో వెర్షన్‌లో పది వేలకు పైగా మార్పులు చేరతాయి, రాసేవాళ్లు రెండు వేల దాకా ఉంటారు. ఒక్క మనిషి అన్నీ చదవడం కుదిరే పని కాదు. టోర్వాల్డ్స్ కోడ్‌ను నమ్మేకన్నా తనకు కోడ్ పంపే మెయింటెయినర్లను నమ్ముతాడనడమే సబబు.

ఇక ప్యాచ్‌లో ఏముండాలి? కొత్తవాళ్లు కోడ్ మీద కష్టపడి, దాని మీద రాసే సందేశాన్ని ఒక ముక్కలో తేల్చేస్తారు. అసలు తంటా అక్కడే మొదలవుతుంది. మన క్లాక్ బగ్‌కు "డ్రైవర్‌లో బగ్ ఫిక్స్ చేశాను" అని రాస్తే ఆ ప్యాచ్ అక్కడే ఆగుతుంది. చదివేవాడికి దాని వల్ల ఒక్క కొత్త విషయం తెలియలేదు. దీన్నే సరిగ్గా రాస్తే, తెలుగులో చెప్పుకుంటే, ఇలా ఉంటుంది (ప్రోబ్ అంటే డ్రైవర్‌ను మొదలుపెట్టే ఫంక్షన్):

"ప్రోబ్ విఫలమైనప్పుడు క్లాక్‌ను ఆపు. ఇంటరప్ట్ దొరక్కపోతే ప్రోబ్ ఫంక్షన్ నేరుగా రిటర్న్ అవుతోంది, అప్పటికే ఆన్ చేసిన క్లాక్‌ను ఆపడం లేదు. ఆ క్లాక్ ఇక ఎప్పటికీ ఆగదు, కరెంటు వృథా అవుతుంది. ఎర్రర్ లేబుల్‌కి వెళ్లి క్లాక్ ఆపిన తర్వాతే రిటర్న్ అవ్వు. కోడ్ చదువుతుండగా కనిపించింది, కంపైల్ చేసి మాత్రమే చూశాను."

'ఆపు', 'అవ్వు' అన్న క్రియల్ని గమనించాలి. కెర్నల్ డాక్యుమెంటేషన్ కోరేది ఇదే: చేసిన పనిని భూతకాలంలో నివేదించకుండా, కోడ్‌కే ఆజ్ఞ ఇస్తున్నట్టు రాయమంటుంది. చివరి వాక్యం మీద కూడా ఓ మాట చెప్పాలి. పరీక్షించలేదని ఒప్పుకోవడానికి చాలామంది నామోషీ పడతారు. నిజానికి మెయింటెయినర్‌కు అన్నిటికన్నా పనికొచ్చే వాక్యం అదే. పరికరం చేతిలో ఉన్న ఇంకెవరినైనా పరీక్షించమని అడగొచ్చు, లేదా తనే ఇంకాస్త జాగ్రత్తగా చదవొచ్చు. పరీక్షించకుండా పరీక్షించామన్నవాడి ప్యాచ్ మాత్రం, నిజం బయటపడిన రోజు నుంచి, ఎవరూ నమ్మరు.

దీని కింద 'ఫిక్సెస్' అనే లైన్ వస్తుంది. బగ్‌ను మొదట ప్రవేశపెట్టిన కమిట్ (నమోదైన మార్పు) ఏదో, మార్పులన్నిటినీ దాచే గిట్ చరిత్ర తవ్వి, దాని గుర్తింపు సంఖ్యలో మొదటి పన్నెండు అక్షరాలు, శీర్షిక రాయాలి. ఇది నింద మోపడం కోసం కాదు. పాత స్టేబుల్ కెర్నళ్లను చూసుకునేవాళ్లకు ఈ సవరణ ఏ వెర్షన్ల దాకా వెనక్కి వెళ్లాలో ఆ ఒక్క లైనే చెబుతుంది. మనం కొన్న రౌటర్‌లోనో టీవీలోనో ఉండేది సరికొత్త కెర్నల్ కాదు, ఆ పాతవాటిలో ఒకటి.

తర్వాత 'సైన్డ్ ఆఫ్ బై', అంటే సంతకం. దీని వెనక ఒక కోర్టు కేసు ఉంది. 2003 మార్చిలో ఎస్‌సీఓ అనే కంపెనీ ఐబీఎం మీద దావా వేసింది. తమ హక్కుల్లో ఉన్న యూనిక్స్ కోడ్‌ను తీసుకెళ్లి లినక్స్‌లో కలిపేశారన్నది ఆరోపణ. ఏ లైన్ ఎవరి దగ్గర నుంచి, ఏ హక్కుతో వచ్చిందో చూపించడానికి అప్పటికి ఒక పద్ధతంటూ లేదు. 2004లో డెవలపర్ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ వచ్చింది. ఈ కోడ్ నేనే రాశాను, లేదా దీన్ని ఈ లైసెన్సు కింద ఇచ్చే హక్కు నాకుంది అని ఆ సంతకంతో చెప్పినట్టు. ప్యాచ్‌ను చేతులు మార్చే మెయింటెయినర్లు కూడా కింద ఒక్కో సంతకం చేస్తూ పోతారు. పొలం దస్తావేజుకు లింకు డాక్యుమెంట్లు ఉన్నట్టే. ఊరూ పేరూ లేకుండా ప్యాచ్ ఇవ్వడం కుదరదు. కంపెనీలో పనిచేసేవాళ్లు ఇంకో మెట్టు చూసుకోవాలి. ఖాళీ సమయంలో రాసిన కోడ్ మీద కూడా కంపెనీకి హక్కుందని ఉద్యోగ ఒప్పందంలో రాసి ఉందేమో, సంతకం పెట్టకముందే చదవాలి.

పంపడం ఈమెయిల్‌లో. కెర్నల్ ప్రధాన దారి ఇప్పటికీ అదే, గిట్‌హబ్ సైట్‌లో పుల్ రిక్వెస్ట్ (మార్పు తీసుకోమనే విన్నపం) పెడితే పట్టించుకునేవాళ్లు ఉండరు. మామూలు టెక్స్ట్, అటాచ్‌మెంట్ లేకుండా, రంగులూ ఫాంట్లూ లేకుండా. ఆఫీసు మెయిల్ ప్రోగ్రాములు ట్యాబులను స్పేసులుగా మార్చి, పొడవైన లైన్లను విరిచి ప్యాచ్‌ను పనికిరాకుండా చేస్తాయి. పైగా కింద "ఈ మెయిల్ రహస్యం, పొరపాటున అందితే తొలగించగలరు" అని కంపెనీ సర్వర్ తనే అతికించే పేరా ఒకటి. ప్రపంచమంతా చదివే లిస్ట్‌కు రహస్యమని రాసి పంపితే మెయింటెయినర్లు దాన్ని ముట్టుకోరు, న్యాయమే. గిట్ సెండ్ ఈమెయిల్ అనే కమాండ్ వాడితే ఈ బెడద పోతుంది. పంపే ముందు స్టైల్ తప్పులు పట్టే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు నడపాలి, మొదటి కాపీ తనకు తనే పంపుకుని చూసుకోవాలి. దీని గురించి ఇంతకన్నా చెప్పుకోవాల్సింది లేదు. మొదటిసారి ఒక సాయంత్రం పోతుంది, ఆ తర్వాత అలవాటైపోతుంది.

రివ్యూ దగ్గర మళ్లీ నెమ్మదించాలి. మన క్లాక్ ప్యాచ్‌కు వచ్చే జవాబు ఒకటి తేలిగ్గా ఊహించవచ్చు: "గోటూ ఎందుకు? డెవ్‌ఎమ్ క్లాక్ గెట్ ఎనేబుల్డ్ వాడండి." 2022లో 6.0 వెర్షన్‌తో వచ్చిన ఫంక్షన్ అది. క్లాక్ తీసుకోవడం, ఆన్ చేయడం, డ్రైవర్ పోయేటప్పుడు ఆపడం అన్నీ తనే చూసుకుంటుంది. ఇక్కడ చాలామంది వెంటనే తల ఊపేసి, గోటూ తీసేసి, కొత్త ఫంక్షన్ పెట్టి రెండో వెర్షన్ పంపేస్తారు. కాస్త ఆగితే మంచిది. పాత డ్రైవర్‌లో క్లాక్‌ను చేత్తో ఆపుతున్నారు, ఇంటరప్ట్‌ను డెవ్‌ఎమ్ పద్ధతిలో (తీసుకున్నదాన్ని కెర్నలే తర్వాత వదిలేలా) తీసుకున్నారు అనుకుందాం. డెవ్‌ఎమ్ వదిలేవన్నీ, డ్రైవర్‌ను తొలగించే రిమూవ్ ఫంక్షన్ అయిపోయాక, తీసుకున్న క్రమానికి తలకిందుల వరసలో వదులుతుంది. అంటే ఇప్పుడున్న కోడ్‌లో క్లాక్ ముందు ఆగిపోతోంది, ఇంటరప్ట్ ఇంకా బతికే ఉంది. ఆ క్షణంలో ఇంటరప్ట్ వస్తే, క్లాక్ లేని రిజిస్టర్లను డ్రైవర్ తాకుతుంది. కొన్ని చిప్‌లలో సిస్టమ్ మొత్తం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. రివ్యూలో చెప్పిన మార్పు ఈ రెండో బగ్‌ను కూడా పోగొడుతుంది: క్లాక్ ముందు తీసుకున్నారు కాబట్టి చివర్న వదులుతుంది. ఒక గోటూ కోసం పంపిన ప్యాచ్ ఇంకో బగ్‌ను బయటపెట్టింది.

మరి పాత స్టేబుల్ కెర్నళ్ల సంగతి? చాలా ముందటి వెర్షన్ల కోసం రాసేటప్పుడు అక్కడ లేని కొత్త ఫంక్షన్ మీద ఆధారపడటం తలనొప్పి. కాబట్టి తెలివైన జవాబు రెండు ప్యాచ్‌లు. మొదటిది గోటూతో చిన్న సవరణ, ఫిక్సెస్ లైన్‌తో, వెనక్కి తీసుకెళ్లడానికి తేలిగ్గా. రెండోది కొత్త ఫంక్షన్‌కు మారడం, క్రమం ఎందుకు ముఖ్యమో వివరిస్తూ. ఇలా విడగొట్టడం ఊరికే పద్ధతి కోసం కాదు. ఏదైనా విరిగినప్పుడు గిట్ బైసెక్ట్‌తో మార్పులను సగం సగం చేస్తూ వెతుకుతారు. పది వేల మార్పుల్లో దోషి ఎవరో పద్నాలుగు ప్రయత్నాల్లో దొరుకుతుంది. దొరికిన ఆ ఒక్క కమిట్‌లో ఐదు పనులు కలిసి ఉంటే అంత వెతికీ లాభం లేదు.

రెండో వెర్షన్ పంపేటప్పుడు మొదటిదానికీ దీనికీ ఏం మారిందో రాయాలి, అదీ మూడు అడ్డగీతల కింద. గీతకు పైనున్నది గిట్ చరిత్రలో శాశ్వతంగా నిలుస్తుంది, కింద రాసింది ప్యాచ్ చేర్చుకునేటప్పుడు రాలిపోతుంది. ఎవరు ఏం సలహా ఇచ్చారన్న కబుర్లు కిందికి, కోడ్ ఎందుకు ఇలా ఉందన్న కారణం పైకి. రివ్యూ చేసినవాళ్ల ప్రతి ప్రశ్నకూ, ఒప్పుకోకపోయినా సరే, ఆ ప్రశ్న కిందనే జవాబు రాయాలి. మారు మాట్లాడకుండా కొత్త వెర్షన్ పంపేస్తే తమ మాట గాలికి పోయిందనుకుంటారు. కొన్ని విభాగాలకు సొంత ఆచారాలూ ఉన్నాయి. నెట్‌వర్కింగ్‌వాళ్లు ఫంక్షన్ మొదట్లో వేరియబుళ్లను పొడవైన లైన్ పైన, పొట్టిది కింద ఉండేలా పేర్చమంటారు, తలకిందులు చేసిన క్రిస్మస్ చెట్టులా. కోడ్ నడవడానికి దాంతో సంబంధం లేదు. ఎదిరించి లాభమూ లేదు.

జవాబే రాకపోతే? ఎక్కువమంది వెనక్కి తగ్గేది ఇక్కడే. ముందు క్యాలెండర్ చూడాలి. కొత్త వెర్షన్ విడుదలైన వెంటనే రెండు వారాలు మెర్జ్ విండో. మెయింటెయినర్లు అప్పటికే సిద్ధం చేసుకున్న మార్పులను టోర్వాల్డ్స్‌కు పంపే హడావుడిలో ఉంటారు. నెట్‌వర్కింగ్ విభాగం కొత్త ఫీచర్లకు తలుపులే మూసేస్తుంది. తర్వాత ఆర్‌సీలనే ముందస్తు వెర్షన్లు, ఆర్‌సీ1 నుంచి ఆర్‌సీ7 దాకా, ఒక్కోసారి ఆర్‌సీ8 దాకా, వారానికొకటి, బగ్ సవరణలే ఎక్కువ. మెర్జ్ విండోలో పంపిన ప్యాచ్‌కు పలకలేదంటే పెళ్లి పందిట్లో ఉన్నవాళ్లను అప్పు పత్రం చదవమన్నట్టే. కనీసం వారం ఆగి, మర్యాదగా ఒక్క లైన్ గుర్తుచేయొచ్చు. మౌనాన్ని తిరస్కారంగా తీసుకోనక్కర్లేదు. నిజంగా వద్దనుకుంటే 'నాక్' అని మొహం మీదే చెబుతారు. ఒకప్పుడు ఆ చెప్పడంలో బూతులూ ఉండేవి. 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ తన తీరుకు బహిరంగంగా క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాడు, ప్రవర్తనా నియమావళి కూడా అప్పుడే వచ్చింది.

పళ్లు ఎందుకు లెక్కపెట్టాలో రెండు ఘటనలు చూపించాయి. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో మారు పేర్లతో కెర్నల్‌కు ప్యాచ్‌లు పంపారు. పైకి చూస్తే అవి ఎర్రర్ వచ్చినప్పుడు వదలాల్సినదాన్ని వదిలే చిన్న సవరణలు, అంటే మన క్లాక్ ప్యాచ్‌కు చుట్టాలే. లోపల మాత్రం కావాలని దాచిన లోపం ఉంది. మెయింటెయినర్లు పట్టుకుంటారా లేదా అన్నది పరిశోధన. 2021 ఏప్రిల్‌లో, స్టేబుల్ కెర్నళ్లను చూసుకునే గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ ఆ విశ్వవిద్యాలయం నుంచి ప్యాచ్‌లు తీసుకోవడం ఆపేసి, అక్కడి నుంచి అంతకుముందు వచ్చిన 190 మార్పులను రద్దు చేసే సిరీస్ పంపాడు. లినక్స్ ఫౌండేషన్ సాంకేతిక సలహా మండలి పర్యవేక్షణలో 435 కమిట్లను మళ్లీ చదివారు. అత్యధికం సవ్యంగానే ఉన్నాయని తేలింది. పరిశోధన పత్రాన్ని ఉపసంహరించుకున్నారు. ఎర్రర్ దారిలో రెండు లైన్ల ప్యాచ్‌ను ఇప్పుడు ఇంత అనుమానంగా చూస్తారంటే అందులో ఆశ్చర్యమేమీ లేదు.

రెండోది ఇంకా లోతైనది. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌ను చాలా ఏళ్లుగా ఒక్క మనిషే, జీతం లేకుండా, చూసుకుంటున్నాడు. 2021 చివర్లో జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి మంచి ప్యాచ్‌లే పంపడం మొదలుపెట్టారు. ఇంకొన్ని కొత్త పేర్లు వచ్చి, పనులు నెమ్మదిగా సాగుతున్నాయని, బాధ్యత ఇంకొకరికి ఇవ్వమని సతాయించాయి. అలసిపోయిన మనిషి ఇచ్చాడు. 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (దొంగ దారి) చేరింది. దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటా అని కూపీ లాగిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ మార్చి 29న దాన్ని బయటపెట్టాడు. మిన్నెసోటావాళ్లు చెడ్డ కోడ్‌ను చూసే కళ్లకు పరీక్ష పెట్టారు. ఇక్కడ ఆ కళ్లే మోసగాడి చేతికి వెళ్లిపోయాయి.

మన దేశం నుంచి పడుతున్న బరువు మరో రకం. 2020 అక్టోబరులో, నాలుగు పుల్ రిక్వెస్టులకు టీషర్టు ఇచ్చే హాక్టోబర్‌ఫెస్ట్ కోసం వేలాది ప్రాజెక్టుల రీడ్‌మీ (పరిచయ) ఫైళ్లలో పనికిరాని పదాలు చేర్చి పంపారు. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు రీడ్‌మీలో తమ పేర్లు చేర్చమంటూ పుల్ రిక్వెస్టులు కుప్పలుగా వచ్చాయి. మన దేశంలో తయారైన ఒక పాఠం వీడియోలో ఉదాహరణగా చూపించిందాన్ని విద్యార్థులు అలాగే చేసేశారు. దురుద్దేశం లేదు, రెజ్యూమెలో ఓపెన్ సోర్స్ అన్న మాట ఉండాలన్న తొందర ఉంది. కానీ అటువైపు ఒక్కోదాన్నీ తెరిచి మూయాల్సింది మనిషే. ప్రాక్టీసే కావాలంటే కెర్నల్‌లో అందుకు వేరే చోటే ఉంది. డ్రైవర్స్ కింద స్టేజింగ్ అనే ఫోల్డర్‌లో ఇంకా నునుపు దేలని డ్రైవర్లు ఉంటాయి. చెక్‌ప్యాచ్ చూపించే స్టైల్ తప్పులను దిద్దుతూ పంపే పద్ధతి నేర్చుకోవచ్చు. అవే స్టైల్ ప్యాచ్‌లు మిగతా ఫోల్డర్లకు పంపితే విసుక్కుంటారు.

ఇన్ని గడపలు దాటి మన క్లాక్ ప్యాచ్, తర్వాతి వెర్షన్ మార్పులను ముందుగా కలిపి చూసే లినక్స్ నెక్స్ట్‌లోకి, అక్కడి నుంచి మెర్జ్ విండోలో టోర్వాల్డ్స్ ట్రీలోకి, ఆ తర్వాత స్టేబుల్‌కి చేరిందనుకుందాం. పంపినవాళ్లు దాన్ని మరిచిపోయి ఉద్యోగం కూడా మారి ఉంటారు. రెండేళ్ల తర్వాత ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆ ఎర్రర్ లేబుల్‌లో ఇంకో లోపం కనిపెడతారు. ఫిక్సెస్ లైన్‌లో ఈ కమిట్ సంఖ్య రాస్తారు. గెట్ మెయింటెయినర్ స్క్రిప్టు ఆ సంఖ్య చూసి, కమిట్ కింద సంతకం చేసిన పేరును కూడా జాబితాలో చేరుస్తుంది. ఒక పొద్దున ఇన్‌బాక్స్‌లో మెయిల్ కనిపిస్తుంది: మూడు లైన్ల ప్యాచ్, పైన "బగ్ ఫిక్స్ చేశాను" అన్న ఒక్క ముక్క. హార్డ్‌వేర్ మీద పరీక్షించారా అని ఈసారి అడగాల్సింది వీళ్లే.